ఆయన ఏమీ చేయలేదు, కానీ చూస్తే భయం వేస్తోంది. ఇల్లు మారాలా?

అనకాపల్లి_అమ్మాయి

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదివి మీకేమనిపిస్తే అది చెప్పండి. నేనూ మా చెల్లీ హైదరాబాద్‌లో, నిజాంపేట వైపు ఒక ఇంట్లో రెండో అంతస్తు పోర్షన్‌లో అద్దెకుంటున్నాం. నేను ఉద్యోగం చేస్తున్నాను, చెల్లి బీటెక్ రెండో సంవత్సరం. కింద ఓనర్ ఆంటీ వాళ్లుంటారు, వాళ్లతో ఏ గొడవా లేదు, పండగొస్తే గిన్నెడు పులిహోర పైకి పంపిస్తారు. ఈ ఎండాకాలం ఆంటీ తమ్ముడు వచ్చి ఇక్కడే ఉండిపోయారు. యాభై దాటి ఉంటాయి. వీధిలో అందరూ బాబాయ్ గారూ అంటారు, మేమూ అలాగే పిలుస్తాం.

ఆయన మమ్మల్ని ఇంతవరకు తప్పుగా ఒక్క మాట అనలేదు, చెయ్యి వెయ్యలేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నా. వచ్చిన కొత్తలో వాటర్ క్యాన్ పైకి మోసుకొచ్చి పెట్టేవారు. గ్యాస్ బండ వస్తే డబ్బులు తనే కట్టేసి, రెగ్యులేటర్ బిగిస్తానంటూ తిన్నగా వంటింట్లోకి వచ్చేసేవారు. 'పర్లేదు బాబాయ్ గారూ, క్యాన్ ఆ అబ్బాయే తెస్తాడు' అంటే ఆ అబ్బాయిని కిందే ఆపేసి తను తెచ్చారు. తర్వాత చెల్లి కాలేజీ బస్సు దిగే టైముకి స్టాపులో ఉండడం మొదలైంది, 'పాలకి వచ్చానమ్మా, పద కలిసే వెళ్దాం' అంటూ. పాల ప్యాకెట్లు మా వీధి మొదట్లోనే దొరుకుతాయి. మీరు రావద్దు, నేను వచ్చేస్తానని చెల్లి చెప్పింది. మర్నాడు కూడా అక్కడే ఉన్నారు.

ఒకరోజు పొద్దున్నే 'రాత్రి రెండింటిదాకా మీ లైటు వెలుగుతూనే ఉంది, ఒంట్లో బాలేదా' అని అడిగారు. ఆయన గది కింద, వెనక వైపు. మా లైటు కనపడాలంటే మేడ మీదకైనా రావాలి, రోడ్డు అవతలైనా నిలబడాలి.

ఇంకోటి ఉంది, చెప్తే చిన్న విషయంలా ఉంటుంది గానీ నన్ను ఎక్కువ భయపెట్టింది ఇదే. మేడ మెట్ల మలుపులో నిలబడతారు, ఒక చెయ్యి రెయిలింగ్ మీద, భుజం గోడకి ఆనించి. మేం బట్టలు ఆరేసి దిగుతుంటే 'వెళ్లమ్మా, వెళ్లు' అంటారు, కానీ చెయ్యి తియ్యరు. ఆ చెయ్యి కింద నుంచి వంగి వెళ్లాలి, లేదా ఆయన కదిలేదాకా బకెట్టు పట్టుకుని అక్కడే ఉండాలి. నేను వంగను, అక్కడే ఆగిపోతాను. ఆయన నవ్వుతూ నన్నే చూస్తూ కాసేపు ఉండి, అప్పుడు తీస్తారు.

పోయిన వారం ప్లంబర్ వస్తాడు, మీరు ఆఫీసులో ఉంటారుగా, ఒక తాళంచెవి నా దగ్గర పెట్టి వెళ్లండి అన్నారు. ఆంటీని అడిగితే ప్లంబర్ సంగతి ఆవిడకి తెలీనే తెలీదు. నేను ఇవ్వలేదు. అప్పట్నుంచి మొహం మాడ్చుకుని ఉంటున్నారు, పై వాటాలో పిల్లలకి పొగరెక్కువ అని ఆంటీ దగ్గర అన్నారట.

అమ్మకి చెప్తే 'పెద్దాయన, కూతుళ్లలా చూసుకుంటుంటే నీకన్నీ అనుమానాలే' అంది. మా పెదనాన్న కొడుకు 'ఏం చేశాడో ఒక్కటి చెప్పు, ఇప్పుడే వచ్చి అడుగుతా' అన్నాడు. ఏం చెప్పను? క్యాన్ తెచ్చారని చెప్పనా? రెండు నెలల అడ్వాన్సు వాళ్ల దగ్గర ఉంది, చెల్లికి సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడ్డాయి. రాత్రి గడియ పెట్టి, తలుపుకి కుర్చీ అడ్డం పెట్టి పడుకుంటున్నా, అయినా టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. నాది వట్టి అనుమానమేనా? ఏ తప్పూ చేయని మనిషి గురించి ఇలా అనుకోవచ్చా?

కృష్ణలంక_అత్తయ్య

తల్లీ, నువ్వు రెండు ప్రశ్నలు కలిపేసి ఒకటే అనుకుని సతమతమవుతున్నావు. ఆయన చెడ్డవాడా కాదా అన్నది ఒకటి. నేను ఆయనకి దూరంగా జరగొచ్చా అన్నది ఇంకొకటి. మొదటిదానికి సాక్ష్యం కావాలి, పదిమందిలో నిలబెట్టి ఫలానా అనాలంటే చూపించాల్సిందే, అది న్యాయం. రెండోదానికి ఏ సాక్ష్యమూ అక్కర్లేదు. ఇల్లు మారడానికి, తాళం మార్చడానికి, మెట్ల మీద ఆయన ఉంటే బట్టలు తర్వాత తెచ్చుకుందాంలే అనుకోడానికి నువ్వు ఎవరికీ సంజాయిషీ ఇవ్వాల్సిన పనిలేదు, మీ అమ్మకైనా సరే.

ఆయన చేసిన సాయాలన్నీ పక్కన పెట్టి, వద్దు అన్నప్పుడల్లా ఏం చేశారో అదొక్కటే చదువుకో, నువ్వు రాసిందే. క్యాన్ వద్దన్నావు, కుర్రాణ్ని ఆపి మరీ తెచ్చారు. బస్‌స్టాప్‌కి రావద్దని చిన్నది చెప్పింది, మర్నాడూ వచ్చారు. తాళంచెవి ఇవ్వలేదు, పొగరన్నారు. మామూలు మనిషి వద్దంటే కాస్త చిన్నబుచ్చుకుని ఊరుకుంటాడమ్మా. మా వీధిలోనూ ఉన్నారు మొహమాటం లేకుండా అన్నింట్లో దూరిపోయే పెద్దవాళ్లు, వాళ్లని ఒకసారి గట్టిగా వద్దంటే నాలుగు రోజులు మాట్లాడటం మానేస్తారు, అంతటితో సరి. వద్దన్న ప్రతిసారీ ఇంకో దారి వెతుక్కుని వచ్చేవాడి సంగతి వేరు. ఆ మెట్ల మలుపు సంగతి చదివితే నాకే ఒళ్లు జలదరించింది. నోటితో వెళ్లమంటూ చేత్తో ఆపుతున్నాడు, నువ్వు ఏం చేస్తావో చూస్తున్నాడు.

మా చిన్నమ్మాయి ఏడో తరగతిలో ఉండగా ఒకరోజు ట్యూషన్‌కి వెళ్లనని మొండికేసింది. ఎందుకే అంటే చెప్పలేకపోయింది, 'ఆ సార్ బావుండరమ్మా' అంది, అంతే. మాన్పించేశాం. ఆయన ఎలాంటివాడో నాకు ఈ రోజుకీ తెలీదు, తెలుసుకోవాల్సిన అవసరమూ రాలేదు. నాలుగు చోట్ల ఆయన గురించి చెడ్డగా మాట్లాడనూ లేదు. పిల్లని పంపలేదు, వేరే చోట చేర్పించాం, ఆయనకి పోయింది ఒక నెల ఫీజు.

అమ్మ మీద కోపం పెట్టుకోకు. చిన్నప్పట్నుంచి మనకి నేర్పిందే అది, తాతయ్యకి దండం పెట్టు, మావయ్య దగ్గరికి వెళ్లు, పిలుస్తుంటే వెళ్లవేం అని. పిల్ల వెనక్కి వెనక్కి జరుగుతుంటే ముందుకు తోసేది మనమే. మీ అమ్మకి నీకు భయమేస్తోందని కాదు, ఆ తాళంచెవి సంగతీ లైటు సంగతీ విడివిడిగా, వరసలో చెప్పు. అప్పుడు వింటుంది.

అన్నట్టు, తాళంచెవి నువ్వు ఇవ్వకపోతే ఏమైంది, ఓనర్ల దగ్గర డూప్లికేట్ ఉంటుందిగా? అది ఆంటీ బీరువాలో ఉంటే తమ్ముడి చేతికి అందేదే. ఈ రోజే బయటి తాళం మార్చు, లోపల ఇంకో బోల్టు బిగించుకో. కుర్చీలు ఎవర్నీ ఆపలేవు.

గోదావరి_గట్టు

ఇక ఎవరికీ సాయం చేయకూడదన్నమాట. యాభై ఏళ్ల మనిషి క్యాన్ మోసినా తప్పే, పలకరించినా తప్పే. ఒక్క రుజువు లేకుండా ఒక పెద్దమనిషి పరువు తీస్తున్నారు అందరూ కలిసి. రేపు మీ నాన్నగారినో బాబాయినో ఇలాగే అంటే ఊరుకుంటారా?

కృష్ణలంక_అత్తయ్య

ఆయన పేరు గానీ వీధి గానీ ఆ పిల్ల రాయలేదు బాబూ, పరువు ఎక్కడ పోయింది? కేసు పెట్టమని ఎవరూ అనలేదు. తన తలుపుకి తను బోల్టు వేసుకోమన్నాం. మా ఆయనైనా సరే, వద్దన్న ఆడపిల్ల కోసం బస్‌స్టాప్‌లో కాపలా కాస్తే ముందు అడిగేది నేనే.

పాలమూరు_మాస్టారు

గోదావరి గట్టు గారి మాట నేను పూర్తిగా కొట్టిపారేయను, ఎందుకంటే భయం పేరుతో మనుషుల్ని చంపడం మేం దగ్గర్నుంచి చూశాం. 2018 మే నెల గుర్తుందా? పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయని, పార్థీ గ్యాంగులని వాట్సాప్‌లో వీడియోలు, ఫోటోలు. మా వైపు ఊళ్లలో రాత్రిళ్లు కర్రలు పట్టుకుని కాపలాలు. దారి తప్పిన మతిస్థిమితం లేనివాళ్లు, అడుక్కునేవాళ్లు, వేరే భాష మాట్లాడేవాళ్లు, ఎవరు దొరికితే వాళ్లని కట్టేసి కొట్టారు. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళని గుంపు కొట్టి చంపేసింది. అప్పట్లో జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు పోలీసుల్ని ఊరూరా పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి, ఆ వీడియోలు అబద్ధమని చెప్పించబట్టి మా దగ్గర ప్రాణాలు పోలేదు. ఆ కర్రలు పట్టుకున్నవాళ్లలో నాకు తెలిసినవాళ్లున్నారు, వాళ్ల భయం నాటకం కాదు, నిజంగానే భయపడ్డారు, ఇళ్లలో చంటిపిల్లలున్నారు.

మరి ఆ భయానికీ ఈ అమ్మాయి భయానికీ తేడా ఏంటి అంటే, నాకు తోచింది చెప్తాను. వాళ్ల భయం ఫోన్‌లోంచి వచ్చింది. ఎదుటి మనిషి ఏమీ చేయలేదు, మాసిన బట్టలు, తెలియని భాష, అంతే. ఈ అమ్మాయి రాసినదాంట్లో ఆయన బట్టలు, కులం, ముఖం గురించి ఒక్క మాట లేదు. అన్నీ ఆయన చేసిన పనులే, తన కళ్లతో చూసినవే, ఒకే మనిషి మళ్లీ మళ్లీ చేసినవి. అందుకని నేను మా బడిలో పై తరగతి పిల్లలకి కూడా ఇదే అడగమంటాను: నాకు భయమేసింది అతను చేసినదాని వల్లా, అతను ఉన్న తీరు వల్లా? ఉన్న తీరు వల్ల అయితే ఒక్క నిమిషం ఆగి ఆలోచించు. చేసినదాని వల్ల అయితే ఇంకేం ఆలోచించకు, అక్కణ్నుంచి వచ్చెయ్. అప్పుడు జనం భయంతో మనిషి మీద పడ్డారు. ఈ అమ్మాయి పక్కకి జరుగుదామనుకుంటోంది. పొరపాటున ఆయన మంచివాడే అయినా, ఆయనకి పోయేదేమీ లేదు.

పైగా మన అనుమానాలు ఎప్పుడూ బయటివాళ్ల మీదే. జాతీయ నేర గణాంకాల నివేదికల్లో ఏటా చూస్తున్నదే, అత్యాచారం కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు బాధితులకి తెలిసినవాళ్లే, బంధువులో, పక్కింటివాళ్లో, పనిచేసే చోటివాళ్లో. బడిలో పిల్లలు కూడా నేరుగా చెప్పరు. 'ఆ అన్న ఆటో ఎక్కను సార్' అంటారు. ఎందుకురా అంటే నేల చూపులు. అంతకు మించి వాళ్ల దగ్గర మాటలుండవు. పిల్లల మీద లైంగిక నేరాల గురించి 2012లో వచ్చిన పోక్సో చట్టం కూడా నేరం జరిగిందని తెలిస్తేనే కాదు, జరగొచ్చని అనుమానం ఉన్నా చెప్పమంటుంది. జరిగేదాకా ఆగాలని చట్టమే అనడం లేదు.

ఒక పని చెయ్యమ్మా, ఇంతవరకు జరిగినవన్నీ తేదీ, టైముతో ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టు. విడివిడిగా ప్రతిదీ చిన్నదే, అందుకే చెప్పలేకపోతున్నావు. ఒకే పేజీలో పడితే నీకూ తెలుస్తుంది, మీ అమ్మగారికీ తెలుస్తుంది.

దిల్‌సుఖ్‌నగర్_కుర్రాడు

మాస్టారు గారు బాగా చెప్పారు. నేను ఒక్కటే చెప్తా. మీ అన్నయ్యని అడగడానికి రావొద్దని చెప్పండి. మగవాళ్లం మనకి వెంటనే వెళ్లి కాలర్ పట్టుకోవాలనిపిస్తుంది. మీ అన్నయ్య కాలర్ పట్టుకుని, నాలుగు తిట్టి, సాయంత్రానికి బండెక్కి వెళ్లిపోతాడు, రాత్రికి ఆ ఇంట్లో ఉండాల్సింది మీరిద్దరే. సామాను దించడానికి రమ్మనండి, ఇద్దరు ఫ్రెండ్స్‌ని కూడా తెచ్చుకోమనండి.

సఖి_కౌన్సెలర్

నేను తెలంగాణలో ఒక జిల్లాలో సఖి కేంద్రంలో, అంటే వేధింపులు, హింస ఎదుర్కొన్న ఆడవాళ్లకి సాయం చేసే ప్రభుత్వ కేంద్రంలో పని చేస్తాను. ఇలా 'ఏమీ జరగలేదు మేడమ్, కానీ...' అని మొదలుపెట్టి ఆగిపోయేవాళ్లని రోజూ చూస్తుంటాను. ఆ 'కానీ' తర్వాత చెప్పేవే మేం శ్రద్ధగా రాసుకుంటాం. చెల్లీ, నీ కళ్లూ చెవులూ ఇన్ని నెలలుగా గమనించినవన్నీ నీ ఒంట్లో ఉన్నాయి, మనసు ఇంకా వాటికి పేరు పెట్టలేదు, అందుకే రుజువు లేదనిపిస్తోంది. ఆయన కింది గదిలోంచి లైటు కనపడదని లెక్క వేసింది నువ్వే కదా.

సాయం గురించి ఒక మాట. 2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ తొండుపల్లి టోల్‌ప్లాజా దగ్గర జరిగింది మన రాష్ట్రంలో ఎవరూ మర్చిపోలేదు. దిశ అని పిలుచుకున్నాం ఆ అమ్మాయిని. స్కూటర్ టైరు గాలి తీసినవాళ్లే పంక్చర్ వేయిస్తామని సాయానికి వచ్చారని పోలీసులు చెప్పారు. ఆ అమ్మాయికి ప్రమాదం తెలియక కాదు, చెల్లెలికి ఫోన్ చేసి భయంగా ఉందని చెప్పింది, చెల్లెలు బండి వదిలేసి టోల్‌ప్లాజా దగ్గరికి వెళ్లమంది. తప్పు ఆ ఇద్దరిదీ కాదు, చేసినవాళ్లదే. నేను చెప్పేది ఏంటంటే, మనం అడగకుండా, మన అవసరాన్ని తనే పుట్టించి వచ్చే సాయాన్ని కాదనడం అమర్యాద కాదు. రాని ప్లంబర్ కోసం తాళంచెవి అడగడం అలాంటిదే. ఆ రాత్రి కుటుంబం ఫిర్యాదు చేయబోతే మా పరిధి కాదంటూ తిప్పారని వాళ్లు చెప్పారు, ముగ్గురు పోలీసుల్ని సస్పెండ్ కూడా చేశారు. అందుకని ఇది గుర్తుపెట్టుకోండి అందరూ, ఏ స్టేషన్‌కి వెళ్లినా ఫిర్యాదు తీసుకోవాల్సిందే, జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు, కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షన్‌లో రాసే ఉంది.

ఇక నీ విషయం. ఒక మహిళ తనకి ఇష్టం లేదని స్పష్టం చేశాక కూడా మళ్లీ మళ్లీ వెంటపడడం, కలవడానికి ప్రయత్నించడం నేరం. 2013లో ఐపీసీలో 354డి కింద చేర్చారు, 2024 జులై 1 నుంచి అదే భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. మొదటిసారి నేరం రుజువైతే మూడేళ్ల వరకు జైలు. ఇక్కడ 'స్పష్టం చేశాక' అన్నది ముఖ్యం. నువ్వు ఇంతవరకు 'పర్లేదు బాబాయ్ గారూ' అన్నావు. మర్యాదకి అన్నావు, నాకు అర్థమైంది, కానీ రేపు ఆయన 'మొహమాటపడుతోంది అనుకున్నా' అనొచ్చు. అందుకని ఒక్కసారి, ఆంటీ పక్కన ఉండగా, నవ్వకుండా, 'చెల్లి కోసం స్టాపుకి రావద్దు, మా పోర్షన్‌లోకి రావద్దు' అని చెప్పాలి. కారణం చెప్పకు. కారణం చెప్తే దాన్ని తీర్చేస్తారు. ఫ్రెండ్ తోడుంది అంటే ఫ్రెండ్‌ని కూడా నేనే దింపుతా అంటారు, డబ్బులు ఇవ్వలేం అంటే డబ్బులెందుకమ్మా అంటారు. ఆంటీకి మెసేజ్ కూడా పెట్టు, అది రాతలో ఉంటుంది. అలా చెప్పడం వల్ల ఆయన ఇంకా రెచ్చిపోతారని నీకనిపిస్తే మాత్రం చెప్పొద్దు, ముందు ఇల్లు మారండి, తర్వాత ఫోన్‌లో చెప్పొచ్చు. ఆ సంగతి మా కంటే నీకే బాగా తెలుస్తుంది.

షీ టీమ్స్ అని ఆడవాళ్ల భద్రత కోసం పోలీసు బృందాలున్నాయి, 2014 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో మొదలయ్యాయి, మఫ్టీలో ఉంటారు. చాలామంది వెనకాడేది కేసు, కోర్టు అనే కదా, ముందు వాళ్లకి చెప్తే చాలాసార్లు పిలిచి హెచ్చరించి, కౌన్సెలింగ్ ఇచ్చి పంపుతారు, నీ వివరాలు బయటపెట్టరు. బస్‌స్టాప్ దగ్గర నిఘా పెట్టమని కూడా అడగొచ్చు. ఏదైనా జరుగుతోందనిపిస్తే 112, మాట్లాడాలనిపిస్తే 181. ఆంధ్రలో ఉన్నవాళ్లకి 2025లో వచ్చిన శక్తి యాప్ ఉంది.

ఈ రోజే చేయాల్సినవి ఇంకో రెండు. మీ బాత్‌రూమ్ వెంటిలేటర్ ఎటు తెరుచుకుంటుందో చూడు, మెట్ల వైపు గానీ మేడ వైపు గానీ ఉంటే మందపాటి గుడ్డ కట్టెయ్యి. లైటు ఎన్నింటిదాకా వెలిగిందో తెలిసిన మనిషి ఎక్కడ నిలబడి చూశారో మనకి తెలీదు కదా. చెల్లి కాలేజీ నుంచి బయల్దేరగానే వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పెట్టమను. ఫోన్‌లో ఎమర్జెన్సీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి పవర్ బటన్ వరసగా కొన్నిసార్లు నొక్కితే కాల్ వెళ్లేలా ఇద్దరూ పెట్టుకోండి, ఒకసారి సెట్టింగ్ సరిగ్గా ఉందో చూసుకోండి.

ఒక్క ప్రశ్న, చెల్లిని అడిగావా? నువ్వు చూసినవి రాశావు. తను ఏం చూసిందో రాయలేదు.

అనకాపల్లి_అమ్మాయి

అందరికీ చాలా థాంక్స్. తాళం మార్చేశాను. బోల్టు రేపు బిగిస్తారు.

చెల్లిని అడిగాను మేడమ్. పరీక్షల టైములో దీన్నెందుకు భయపెట్టడం అని ఇన్నాళ్లూ దాని దగ్గర ఎత్తలేదు. అది కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత చెప్పింది. చాలా రోజులుగా మా స్టాపులో దిగట్లేదట. ముందు స్టాపులోనే దిగిపోయి, వెనక సందుల్లోంచి తిరిగి, ఆయన స్టాపులో ఉన్న టైములో ఇంటికొచ్చి తలుపేసుకుంటోందట. తలంటుకుని మేడ మీద జుట్టు ఆరబెట్టుకోవడం కూడా మానేసింది, నేను బద్ధకం అనుకుని తిట్టాను. 'నీకు చెప్తే టెన్షన్ పడతావని' అంది. నేను దానికి చెప్పకుండా కుర్చీ అడ్డం పెడుతున్నా, అది నాకు చెప్పకుండా సందులు తిరుగుతోంది.

ఇంకోటి. సాయంత్రం ఆంటీ కోడలు మేడ మీద కనపడింది, ఆమెకి మూడేళ్ల పాప. ఊరికే, బాబాయ్ గారు ఎన్నాళ్లుంటారు అని అడిగాను. ఆవిడ కిందకి చూసి, ఎవరూ లేరని చూసుకుని, 'మీరు రాత్రిళ్లు గడియ పెట్టుకుంటున్నారు కదా' అంది. అంతే, బట్టలు తీసుకుని దిగిపోయింది.

మాస్టారు చెప్పినట్టు అన్నీ ఒక పేజీలో రాసి అమ్మకి ఫోటో పంపాను. ఇందాకే ఫోన్ చేసింది, రేపు జన్మభూమి ఎక్స్‌ప్రెస్‌కి బయల్దేరుతోంది, ఇల్లు మారేదాకా ఇక్కడే ఉంటుంది. అన్నయ్య ఆదివారం సామానుకి వస్తానన్నాడు. చెల్లి కాలేజీ దగ్గర ఒక లేడీస్ హాస్టల్ చూశాం, పరీక్షలయ్యేదాకా ఇద్దరం అందులో ఉండి, తర్వాత ఫ్లాట్ వెతుక్కుంటాం.

ఆంటీకి ఏం చెప్పి ఖాళీ చేయాలి? నిజం చెప్పాలా? అడ్వాన్సు అడిగితే నెల ముందు చెప్పలేదు అంటారేమో.

కృష్ణలంక_అత్తయ్య

చిన్నది ఒక్కతే ఇన్నాళ్లు ఆ సందులన్నీ తిరిగిందా, నా తల్లి. దాన్ని ఒకసారి దగ్గరికి తీసుకో.

ఆంటీకి చెల్లి పరీక్షలు, కాలేజీ దూరమవుతోంది అని చెప్పు, చాలు. కొత్త చోటు ఎక్కడో మాత్రం చెప్పకు, అమీర్‌పేట వైపు అనో మియాపూర్ వైపు అనో కూడా అనకు, ఇంకా ఖాయం కాలేదండీ అను. అడ్వాన్సులో ఒక నెల అద్దె పట్టుకుంటారు, నెల ముందు చెప్పనప్పుడు అది మామూలే, పట్టుకోనీ. మిగతాది అమ్మ పక్కనుండి అడుగుతుంది, పెద్దవాళ్లు అడిగితే వేరుగా ఉంటుంది. సామాను అంతా ఒకేసారి ఎత్తెయ్యండి, మళ్లీ వచ్చి తీసుకుంటామని చీపురు కూడా వదలొద్దు. ఆర్డర్లు పెట్టుకునే యాప్‌లన్నింట్లో అడ్రస్ మార్చుకోండి, మీ పార్సెల్ వచ్చిందని నంబరు పట్టుకుని ఫోన్ చేసే వీలు ఉండకూడదు.

గోదావరి_గట్టు

అమ్మా, నేను అన్న మాట వెనక్కి తీసుకోను, రుజువు లేకుండా ఎవరినీ అనకూడదు. కానీ చెల్లెలి సంగతి చదివాక నువ్వు మారిపోవడమే మంచిదనిపిస్తోంది. ఆదివారం ట్రాలీ ఆటో కావాలంటే మా అబ్బాయి కూకట్‌పల్లిలోనే ఉంటాడు, ప్రైవేటుగా మెసేజ్ పెట్టు. వద్దన్నా ఏమీ అనుకోను.

సఖి_కౌన్సెలర్

నిజం చెప్పాలా అని అడిగావు. ఆ ఇంట్లో ఉండగా చెప్పకు. బయటపడ్డాక, కావాలనిపిస్తే, జరిగినవి జరిగినట్టు చెప్పు, ఆయన ఎలాంటివాడో అనేది నువ్వు తేల్చక్కర్లేదు. 'తాళంచెవి అడిగారు, మీరు ప్లంబర్ లేడన్నారు, బస్‌స్టాప్‌కి రావద్దన్నా వచ్చారు.' అంతవరకు చాలు.

కానీ ఆ కోడలు అన్న మాట నన్ను పట్టుకుంది. ఆవిడకి ఏదో తెలుసు, లేదా తెలుసనిపిస్తోంది, ఇంట్లో ఎవరితోనూ అనలేకపోతోంది. మూడేళ్ల పాప అదే ఇంట్లో ఉంది. ఆవిడ నంబరు నీ దగ్గర ఉంటే, మీరు స్థిరపడ్డాక, మధ్యాహ్నం పూట ఆవిడ ఒంటరిగా ఉండే టైములో ఫోన్ చెయ్యి. ఆయన గురించి నువ్వేమీ అడగొద్దు, మెట్ల సంగతీ తాళంచెవి సంగతీ నీకు జరిగినట్టు చెప్పు. తను మాట్లాడితే విను. 1098 పిల్లల కోసమని, అనుమానం ఉన్నా చాలు ఏ టైములోనైనా చేయొచ్చని, 181కి చేస్తే దగ్గర్లోని సఖి కేంద్రానికి కలుపుతారని ఆవిడకి చెప్పు. ఆ రెండు నంబర్లూ మెసేజ్‌లో పంపే ముందు ఆవిడ ఫోన్ ఇంకెవరైనా చూస్తారేమో కనుక్కో, చూస్తారంటే కాగితం మీద రాసుకోమను.